గొంతు కూడా అమానతే

అది 2023 జులై 14, శుక్రవారం. జుమా నమాజు ముగించుకుని మస్జిద్ మెట్లు దిగిన వారిలో చాలామంది ఆ రోజు ఇళ్లకు వెళ్లలేదు. తూర్పు దిక్కుకు తిరిగి నిలబడ్డారు. మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 బయలుదేరవలసి ఉంది. మా సూళ్లూరుపేట వారికి రాకెట్టు కొత్త కాదు. పులికాట్ సరస్సుకు ఆవల నిప్పు లేవడం, ఆకాశంలో తెల్లని గీత పడడం, నిమిషం దాటిన తర్వాత కిటికీ తలుపులు అదిరేలా ఉరుము రావడం మాకు ఏనాటి నుంచో తెలిసిందే. అయినా ఆ రోజు అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లు ఉన్నాయి. వాటిలో ఒక స్త్రీ గొంతు తొణకకుండా అంకెలు లెక్కపెడుతోంది.

ఆ గొంతు ఎవరిదో మాలో చాలామందికి తెలియదు. సెప్టెంబరు మొదట్లో ఆమె కన్నుమూశాక పత్రికలు రాస్తే తెలిసింది. ఆమె పేరు వళర్మతి. తమిళనాడుకు చెందిన ఇస్రో శాస్త్రవేత్త. శ్రీహరికోటలో ఎన్నో రాకెట్ ప్రయోగాలకు అంకెలు లెక్కపెట్టిన గొంతు ఆమెది. చంద్రయాన్-3కు అంకెలు లెక్కపెట్టిందీ ఆ గొంతే. వార్త చదివిన రోజు మా వీధిలో ఒక పెద్దావిడ, "ముఖం చూడని మనిషి పోతే ఇంట్లో మనిషి పోయినట్లుంది" అన్నారు.

ఆ మాట మమ్మల్ని ఆలోచనలో పడేసింది. ముఖం తెలియదు, ఊరు తెలియదు, భాష కూడా మనది కాదు. అయినా ఆ గొంతును నమ్మాం. నమ్మి ఒకరు మన వద్ద దాచుకున్న సొత్తును అమానత్ అంటారు. చెవి ఒగ్గి విన్న మనిషి కూడా మాట్లాడే వాడి వద్ద ఒక సొత్తు దాచుకుంటాడు. ఆ సొత్తు పేరు నమ్మకం. ఇవాళ ఈ నమ్మకాన్ని చేతికి తీసుకోవడానికి పెద్ద సంస్థ అక్కరలేదు, జేబులో ఉన్న ఫోను చాలు. మన పిల్లలు ఎందరో పాడ్‌కాస్ట్ పేరిట ఆ పని మొదలుపెడుతున్నారు. దాన్ని ఎలా చేయాలి, ఎలా పెంచాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఈ శుక్రవారం మాట్లాడుకుందాం.

పాడ్‌కాస్ట్ అంటే ఏమిటి?

పెద్దలకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఇది చందా కట్టిన పత్రిక వంటిది. పత్రిక అచ్చవగానే పోస్టుమాన్ ఇంటికి తెచ్చి ఇచ్చినట్లు, కొత్త ప్రసంగమో సంభాషణో సిద్ధం కాగానే అది శ్రోత ఫోనులోకి దానంతట అదే చేరుతుంది. రేడియోలో అయితే ప్రసారం అయ్యే వేళకు మనం కూర్చోవాలి. ఇక్కడ మనకు వీలైన వేళకు అది మన కోసం కాచుకుని ఉంటుంది. వంటింట్లో రొట్టెలు కాలుస్తూ వినవచ్చు. తెల్లవారుజామున చెన్నై పోయే లోకల్ రైల్లో నిలబడి వినవచ్చు.

ఐపాడ్ అనే పరికరం పేరును, ప్రసారం అనే అర్థమిచ్చే బ్రాడ్‌కాస్ట్ అనే మాటను కలిపి, 2004లో బెన్ హామర్స్‌లీ అనే పాత్రికేయుడు లండన్ గార్డియన్ పత్రికలో ఈ పేరు ప్రయోగించాడు. 2005లో ఆపిల్ సంస్థ తన ఐట్యూన్స్‌లో వీటికి చోటిచ్చింది. ఆ తర్వాత ఇది లోకమంతటా పాకింది. రేడియో స్టేషను పెట్టాలంటే లైసెన్సు కావాలి, టవరు కావాలి. పాడ్‌కాస్టుకు ఆ రెండూ అక్కరలేదు. అందుకే ఇది ఒంటరి మనిషి చేతికి అందింది.

ఇది మనకు కొత్తేమీ కాదు

ఒంటరి మనిషి తన గొంతును నలుగురికీ వినిపించాలనుకోవడం ఈ నేల మీద ఎప్పుడో జరిగింది. 1930ల తొలినాళ్లలో హైదరాబాద్ నగరంలో మహబూబ్ అలీ అనే తపాలా శాఖ ఉద్యోగి చిరాగ్ అలీ గల్లీలో ఒక చిన్న రేడియో స్టేషను నెలకొల్పాడు. దాని శక్తి 200 వాట్లు మాత్రమే. ఇవాళ మన ఇళ్లలో వెలిగే నాలుగైదు పాత బల్బులకు అయ్యేంత కరెంటు! 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. అదే పెరిగి దక్కన్ రేడియో అయింది. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ భాషల్లోనూ అది పలికింది. 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఒక ఉద్యోగి ఉత్సాహం ఒక రాజ్యపు రేడియోకు విత్తనమైందన్న మాట.

రెండో ఉదాహరణ సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గరి మాచనూరు గ్రామానిది. అక్కడ డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో పేద దళిత మహిళలు 1990ల చివరి నుంచే తమ పాటలను, పంటల ముచ్చట్లను, వైద్యపు చిట్కాలను టేపుల్లో రికార్డు చేశారు. ప్రసారం చేయడానికి అనుమతి లేదు. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు రేడియో తలుపులు తెరిచింది 2006లో. అంతవరకూ ఆ అక్కచెల్లెళ్లు క్యాసెట్లు పట్టుకుని సంఘం సమావేశాల్లో వినిపించారు. 2008 అక్టోబరు 15న సంగం రేడియో గాలిలోకి వచ్చింది. దాని ప్రసారం పాతిక కిలోమీటర్లకు మించి పోదు. కానీ ఆ పాతిక కిలోమీటర్లలో అది వారి సొంత గొంతు.

మూడోది నేటి ఉదాహరణ. కాలిఫోర్నియాలో స్థిరపడిన కిరణ్‌ప్రభ గారు 2007 నుంచి కౌముది అనే ఇంటర్నెట్ మాసపత్రిక నడుపుతున్నారు. ఆ తర్వాత సాహిత్యం మీద, సినిమాల మీద, ప్రముఖుల జీవితాల మీద టాక్‌షోలు మొదలుపెట్టారు. అవి ఇప్పటికి వందల్లో ఉన్నాయి. వాటిలో సంగీతపు హంగులు లేవు, అరుపులు లేవు. ఒక మనిషి, ఒక గొంతు, ముందుగా చదివి సిద్ధపడిన విషయం. తెలుగువారు ఎక్కడ ఉన్నా వాటిని వింటున్నారు.

ఈ ముగ్గురిలోనూ ఉమ్మడిగా ఉన్నది ఏమిటో గమనించండి. ఎవరూ ముందుగా లక్షల మంది శ్రోతలను కోరుకోలేదు. చెప్పదగిన మాట ఒకటి ఉంది, దాని కోసం ఎదురు చూసే నలుగురు ఉన్నారు. అక్కడ మొదలుపెట్టారు.

మా శిష్యుడి మొదటి ప్రయత్నం

మా వద్ద చిన్నప్పుడు ఖురాన్ పారాయణం, ఉర్దూ వాచకం నేర్చుకున్న ఒక కుర్రాడు రెండేళ్ల క్రితం మా ఇంటికి వచ్చాడు. పెళ్లిళ్ల వీడియోలు కత్తిరించి కూర్చే పని అతనిది. "ఉస్తాద్, మన పెద్దలు దక్కనీలో చెప్పే సంగతులు ఎవరూ రాసి పెట్టలేదు. ఇప్పటి పిల్లలకు ఉర్దూ మాట్లాడడం వచ్చుగానీ చదవడం రాదు. వారు పోతే ఆ మాటలూ పోతాయి. పాడ్‌కాస్ట్ చేస్తాను" అన్నాడు. మేము సంతోషించి దువా చేసి పంపాం.

మొదటి ఎపిసోడు విన్నాక మాత్రం మా మొహం చిన్నబోయింది. ఫ్యాను రొద, వీధిలో ఆటో హారను, గదిలో ప్రతిధ్వని. నడుమ ఎక్కడో ఒక ముసలాయన మాట. పైగా మొదట్లోనే కుర్రాడు చెవులు పగిలేలా అరుస్తూ స్వాగతం పలికాడు. లుఖ్మాన్ తన కుమారునికి గొంతు తగ్గించి మాట్లాడమని, గొంతులన్నింటిలోకీ కర్ణకఠోరమైనది గాడిదదని చేసిన హితబోధ అతనికి గుర్తు చేశాం. నవ్వాడు గానీ, ఆ వారం విన్న వారి లెక్క చూసుకుని దిగాలు పడ్డాడు. మస్జిద్‌లో రెండు వరుసలు నిండేంత మంది కూడా లేరు. "మానేస్తాను ఉస్తాద్" అన్నాడు.

అప్పుడు మేము అతనికి ఎదురుగా ఉన్న శ్రీహరికోటనే చూపించాం. 1979 ఆగస్టు 10న అక్కడి నుంచి మన దేశపు మొదటి ఉపగ్రహ వాహక రాకెట్ ఎస్‌ఎల్‌వి-3 లేచింది. రెండో దశలో లోపం తలెత్తి అయిదారు నిమిషాల్లోనే సముద్రం పాలైంది. ఆ ప్రాజెక్టు డైరెక్టరు రామేశ్వరంలో ఒక ఇమాము ఇంట పుట్టిన అబ్దుల్ కలాం. ఆ రోజు పత్రికల వారి ముందుకు వెళ్లి బాధ్యత తన మీద వేసుకున్నది ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్. మరుసటి ఏడాది 1980 జులై 18న అదే రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. ఆ రోజు మాత్రం విలేఖరులతో మాట్లాడమని కలాంనే ముందుకు పంపారు. ఈ సంగతి కలాం గారే ఎన్నో సభల్లో చెప్పారు. ఆ వైఫల్యమూ శుక్రవారమే, ఆ విజయమూ శుక్రవారమే!

"నీది సముద్రంలో పడిన రాకెట్టు కూడా కాదు బేటా, ఫ్యాను రొద మాత్రమే. లోపం ఎక్కడుందో వెతుకు" అన్నాం.

గదిని దుప్పట్లతో కప్పండి

లోపం వెతికాక అతను నేర్చుకున్నవి ఈ దారిలోకి రాదలచిన వారికి ఉపయోగపడతాయని ఇక్కడ ఇస్తున్నాం.

మొదటిది గది. ఖాళీ గోడలు మాటను వెనక్కి కొడతాయి. పరుపులు, రజాయిలు, బట్టల బీరువా ఉన్న గది మాటను మింగి శుభ్రంగా ఉంచుతుంది. మా శిష్యుడు ఇప్పుడు నేల మీద జానమాజులు పరిచి, రెండు పక్కల దుప్పట్లు వేలాడదీసి, ఫ్యాను ఆపి రికార్డు చేస్తున్నాడు. ఎండాకాలంలో చెమటలు కారినా ఇషా తర్వాత, ఫజర్ తర్వాత ఈ పని పెట్టుకుంటాడు. అప్పుడు వీధి సద్దుమణిగి ఉంటుంది.

రెండోది మైకు. వేలకు వేలు పోయనవసరం లేదు. వెయ్యి రూపాయల లోపు దొరికే, కాలరుకు తగిలించుకునే మైకుతో ఎవరైనా మొదలుపెట్టవచ్చు. చేత్తో పట్టుకునే మైకైతే నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉంచాలి. నేరుగా ఎదురుగా ఉంటే ప, ఫ, భ వంటి అక్షరాలు పలికినప్పుడు ఊపిరి తగిలి దబదబమంటుంది.

మూడోది కూర్పు. ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేరు ఉచితంగానే దొరుకుతుంది. దగ్గులు, పొడుగాటి మౌనాలు తీసివేయవచ్చు. అయితే ఎదుటివారి మాటను కత్తిరించి అర్థం మారేలా అతికించడం మహాపాపం. కత్తెర చేతిలో ఉన్నవాడికి దైవభీతి మరింత అవసరం.

నాలుగోది పంపిణీ. ఒంటి మాటల రికార్డుకు తక్కువ నాణ్యత చాలు. సెకనుకు 64 కిలోబిట్ల లెక్కన అరగంట ప్రసంగం దాదాపు 14 మెగాబైట్లలో ఇముడుతుంది. నెట్ ప్యాకేజీ తక్కువ ఉన్నవారు కూడా దించుకోగలరు. స్పాటిఫై వంటి సంస్థలు దాన్ని ఉచితంగానే దాచి పెడతాయి. అక్కడ పెట్టిన తర్వాత ఫీడ్ అనే ఒక చిరునామా వస్తుంది. దాన్ని ఆపిల్‌కు, ఇతర యాప్‌లకు ఒక్కసారి ఇస్తే చాలు, ఆ తర్వాత ప్రతి ఎపిసోడూ అన్ని చోట్లకూ చేరుతుంది. ఒక జాగ్రత్త ఉంది. గూగుల్ పాడ్‌కాస్ట్స్ అనే యాప్‌ను 2024లో మూసివేశారు. ఎవరి గోదాములోనైనా సరకు దాచవచ్చు గానీ, అసలు రికార్డులు మన ఇంట్లో కూడా ఒక ప్రతి ఉండాలి.

అయిదోది హక్కులు. ఎవరి కవ్వాలీనో, ఎవరి నాతునో అడగకుండా వెనుక వినిపించడం పరుల సొమ్ము వాడుకోవడమే. అలాగే పెద్దల గొంతు రికార్డు చేసేటప్పుడు వారి అనుమతి అడగాలి. ఇది ఎవరెవరు వింటారో వారికి అర్థమయ్యేలా చెప్పాలి.

మా తప్పు, శిష్యుడి ప్రశ్న

కొన్నాళ్లకు అతను మమ్మల్ని కూడా కూర్చోబెట్టాడు. విషయం విద్య ప్రాముఖ్యం. మేము ముప్పై ఏళ్లుగా తరగతుల్లో, సభల్లో చెబుతున్న మాటే చెప్పాం. విద్య కోసం చైనా వరకైనా వెళ్లమని దైవప్రవక్త (స) బోధించారని అన్నాం. రికార్డింగు అయిపోయాక కుర్రాడు వినయంగా అడిగాడు. "ఉస్తాద్, ఇది ఏ గ్రంథంలో ఉంది? కింద రాయాలి కదా."

మేము తడబడ్డాం. ఇంటికి వచ్చి కితాబులు తీశాం. ఆ మాట నాలుకల మీద ఎంత ప్రసిద్ధమో, దాని ఉల్లేఖకుల పరంపర అంత బలహీనం. ఇమామ్ బైహఖీ దాని సనదు బలహీనమన్నారు. ఇబ్నుల్ జౌజీ అయితే దాన్ని కల్పిత హదీసుల జాబితాలోనే చేర్చారు. విద్య నేర్వడం ప్రతి ముస్లిం విధి అన్న మాట ఇబ్నుమాజాలో ఉంది. అదే చెప్పి ఉంటే సరిపోయేది. మదరసాలో హదీసు శాస్త్రం చదువుకున్న మేము, సనదు అంటే ఏమిటో పిల్లలకు నేర్పే మేము, విన్నదాన్ని విన్నట్లు చెప్పేశాం. విన్నదంతా చెప్పుకుంటూ పోవడమే మనిషిని అబద్ధీకుడిని చేయడానికి చాలునన్న ప్రవక్త (స) హెచ్చరిక సహీహ్ ముస్లిం పీఠికలోనే ఉంది. దాన్ని మేము ఎందరికో బోధించాం కూడా!

రెండు దారులు కనబడ్డాయి. ఆ ముక్క నిశ్శబ్దంగా కత్తిరించేయడం మొదటిది. అలా చేస్తే మా పరువు దక్కుతుంది. కానీ మేము ముప్పై ఏళ్లుగా ఎవరెవరికి ఆ మాట చెప్పామో వారి మాటేమిటి? అందుకని రెండో దారి ఎంచుకున్నాం. తర్వాతి ఎపిసోడులో మేమే కూర్చుని, ఫలానా మాట మేము పొరపాటున హదీసుగా చెబుతూ వచ్చాం, అది స్థిరపడిన హదీసు కాదు, అల్లాహ్ మన్నించుగాక అని చెప్పాం. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఇక మా మాట ఎవరు వింటారనుకున్నాం.

జరిగింది వేరు. ఆ వారం తర్వాత మస్జిద్ వద్ద ఎందరో ఆగి పలకరించారు. ఒక ఆటో నడిపే తమ్ముడు, "హజ్రత్, ఇక మీరు ఏది చెప్పినా చూసుకునే చెబుతారని తెలిసింది" అన్నాడు. పాడ్‌కాస్ట్ పెరగడం అంటే ఇదేనని మాకు అప్పుడు అర్థమైంది.

మన పూర్వీకులు ఒక్కొక్క హదీసు కోసం వందల మైళ్లు నడిచారు. చెప్పినవాడు ఎవరు, అతనికి ఎవరు చెప్పారు, అతని జ్ఞాపకం ఎలాంటిది, నడవడి ఎలాంటిది అని ఆరా తీశారు. ఎవరైనా ఒక వార్త తెస్తే విచారించుకోమని హుజురాత్ సూరా 6వ ఆయత్ ఆదేశిస్తోంది. నిమిషంలో వెయ్యి ఫోన్లకు చేరే గొంతు చేతిలో ఉన్న నేటి కుర్రకారుకు ఆ ఆదేశం వర్తించదా? ప్రతి ఎపిసోడు కింద ఎక్కడ చదివింది, ఎవరి వద్ద విన్నది రాయడం నేటి కాలపు సనదు.

శ్రోతలు ఎలా పెరుగుతారు?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. కొందరు రోజుకు మూడు పెడతారు, నెల తిరక్కముందే అలసిపోయి వదిలేస్తారు. కొద్దిదైనా నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు అత్యంత ఇష్టమని హజ్రత్ ఆయిషా (ర.అ) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. మా శిష్యుడు వారానికి ఒక్కటే అని నిర్ణయించుకున్నాడు. గురువారం ఇషా తర్వాత పెడతాడు. నిడివి ఇరవై అయిదు నిమిషాలు. వర్షం వచ్చినా, పెళ్లిళ్ల సీజను వచ్చినా ఆ రోజు తప్పకూడదని, ఎప్పుడూ రెండు ఎపిసోడ్లు ముందే సిద్ధం చేసి పెట్టుకుంటాడు.

శీర్షికల్లోనూ మార్పు వచ్చింది. మొదట్లో "మీరు నమ్మలేని నిజం" వంటి పేర్లు పెట్టేవాడు. విన్నవారికి నమ్మలేనిదేమీ దొరక్క మరోసారి రాలేదు. ఇప్పుడు లోపల ఏముందో అదే పైన రాస్తున్నాడు. కొలత కూడా మార్చుకున్నాడు. ఎంతమంది తెరిచారన్నది ఒక లెక్క, ఎంతమంది చివరి దాకా విన్నారన్నది మరో లెక్క. అంగడి ముందు నుంచి నడిచిపోయిన వారిని ఖాతాదారులుగా ఏ వర్తకుడూ లెక్కించడు కదా!

అంతకంటే ముఖ్యంగా, తను ఎవరి కోసం మాట్లాడుతున్నాడో తేల్చుకున్నాడు. సూళ్లూరుపేట నుంచి చెన్నైకి రైలెక్కే వారు, శ్రీసిటీ ఫ్యాక్టరీలకు బస్సెక్కే అమ్మాయిలు, గల్ఫ్‌లో గదుల్లో ఒంటరిగా ఉండే మన ఊరి అబ్బాయిలు. వాట్సాప్‌లో కనబడ్డ ప్రతి గ్రూపులో పడేయడం మానేసి, ఒక్కొక్కరికీ ఇది మీకు పనికొస్తుందని చెప్పి పంపాడు. వారే మరొకరికి పంపారు.

అతని ఎపిసోడ్లలో ఎక్కువ మంది విన్నది ఏ పండితుడి ప్రసంగమూ కాదు. ఒకప్పుడు రంజాన్ నెలలో డప్పు వాయిస్తూ, పాడుతూ వీధివీధినా జనాన్ని సహరీకి లేపిన ఒక ఫకీరు జ్ఞాపకాలు. అలారాలు వచ్చాక ఆయనను పిలిచేవారు లేరు. ఏ ఇంటి తలుపు ముందు ఏ పేరు పెట్టి పిలిచేవారో ఇంకా గుర్తుంది ఆయనకు. ఆ పేర్లలో కొందరు ఎప్పుడో మరణించారు. గల్ఫ్‌లో ఉన్న ఒక కుర్రాడు తన తాత పేరు అందులో విని ఏడ్చి ఫోన్ చేశాడట. ఆ ఫకీరు పోయిన శీతాకాలం అల్లాహ్ సన్నిధికి చేరారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్. ఆయన పిలుపు మాత్రం ఆ ఇరవై అయిదు నిమిషాల్లో మిగిలింది.

వచ్చిన డబ్బు ఎక్కడిది?

వినేవారు పెరిగితే ప్రకటనదారులు వస్తారు. ఇక్కడే అసలు పరీక్ష. ఒక రోజు మా శిష్యుడికి ఒక యాప్ తరఫున ఫోను వచ్చింది. ఎపిసోడు మొదట్లో అర నిమిషం తమ మాట చెబితే, అతను పది పెళ్లిళ్ల వీడియోలు కూర్చినా రానంత ఇస్తామన్నారు. క్రికెట్ ఆట మీద డబ్బు కాయించే యాప్ అది. అతని ఇంట్లో చెల్లెలి పెళ్లి కుదిరి ఉంది. మా వద్దకు వచ్చి ఏమీ దాచకుండా చెప్పాడు.

మద్యాన్ని, జూదాన్ని ఒకే గాటన కట్టి వాటికి దూరంగా ఉండమన్న మాయిదా సూరా 90వ ఆయత్ అతనికి తెలియనిది కాదు. మేము ఆ ఆయత్ చదివి వినిపించలేదు. ఒక్క మాట అడిగాం. "రైల్లో నీ మాట వినే ఆ అబ్బాయి నీ గొంతును నమ్మి జీతం డబ్బు అందులో పెట్టి పోగొట్టుకుంటే, ప్రళయ దినాన ఎవరిని పట్టుకుంటాడు? యాప్ వాడినా, నిన్నా?" చాలాసేపు మౌనంగా కూర్చున్నాడు. మర్నాడు వద్దని చెప్పేశాడు. పెళ్లికి మాత్రం అప్పు చేయవలసి వచ్చింది. అది ఇంకా తీరుస్తున్నాడు. సత్యానికి ఖరీదు లేదని మేము పాఠకులకు అబద్ధం చెప్పలేం.

ఇది ఒక్క కుర్రాడి సమస్య కాదు. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారన్న ఆరోపణపై హైదరాబాద్‌లో పోలీసులు పలువురు సినీనటుల మీద, యూట్యూబర్ల మీద కేసులు నమోదు చేశారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం రాక ముందే హరామ్ అని తెలిసిన మనకు, చట్టం వచ్చాక చెప్పేదేముంది?

మరి హలాల్ దారులు లేవా? ఉన్నాయి. అవి నెమ్మదిగా పెరుగుతాయి. ఊళ్లోని పుస్తకాల అంగడి, టైలరు, హోటలు వారు చిన్న మొత్తాలతో తోడ్పడవచ్చు. విన్నవారు ఇష్టపూర్వకంగా నెలకు కొంత ఇవ్వవచ్చు. ఈ పనిలో నేర్చిన నైపుణ్యంతో పాఠశాలలకు, వైద్యులకు, సంస్థలకు రికార్డింగులు చేసిపెట్టి కూలి తీసుకోవచ్చు. మా శిష్యుడికి ఇప్పుడు ఆ చివరి దారిలోనే నాలుగు రాళ్లు వస్తున్నాయి. ఏ ప్రకటన అయినా సరే, అది డబ్బు తీసుకుని చెబుతున్న మాట అని శ్రోతకు స్పష్టంగా తెలపాలి. సరకులో లోపం దాచి అమ్మడం ఎంత తప్పో, ప్రకటనను సొంత అభిప్రాయంలా వినిపించడం అంతే తప్పు.

తల్లిదండ్రులకు, మస్జిద్ పెద్దలకు ఒక మనవి

ఇంట్లో పిల్లవాడు దుప్పట్లు కట్టుకుని ఫోనుతో మాట్లాడుతుంటే పిచ్చి పట్టిందని ఎగతాళి చేయకండి. వారానికి ఒక గంట ఫ్యాను ఆపడానికి, టీవీ తగ్గించడానికి ఒప్పుకోండి. ఏం మాట్లాడుతున్నాడో కూర్చుని వినండి. తప్పుంటే ప్రేమతో చెప్పండి. మస్జిద్ కమిటీలు జుమా బయానును రికార్డు చేసి పెట్టదలిస్తే, దానికి ముందు ఆధారాలు సరిచూసే ఒక ఆలిమ్‌ను నియమించుకోవాలి. మా అనుభవం చూశారు కదా, గడ్డం నెరిసినంత మాత్రాన పొరపాటు రాదనుకోకూడదు.

మన నానీలు, దాదీలు ఉన్న ఇళ్లలో ఇంకో పని ఉంది. మాచనూరు అక్కచెల్లెళ్లు టేపు రికార్డరుతో చేసిన పనిని మన కూతుళ్లు ఫోనుతో చేయగలరు. వంటలు, జోలపాటలు, కరువు కాలపు కథలు, వలస పోయిన దారులు ఆ పెద్దల నోట రికార్డు చేయించండి. లోకానికి వినిపించాలనే నియమం లేదు. కుటుంబం వరకే దాచుకున్నా అది వారసత్వమే.

ఈ వ్యాసం రాస్తుండగా శ్రీహరికోట వైపు ఆకాశం ప్రశాంతంగా ఉంది. మళ్లీ ఒక రోజు నిప్పు లేస్తుంది, మళ్లీ ఒక గొంతు అంకెలు లెక్కపెడుతుంది. ఈసారి ఆ గొంతు ఎవరిదైనా, వినేవారు తమ నమ్మకాన్ని దాని చేతిలో పెట్టే వింటారు. మనం పలికే ప్రతి మాటా రాసుకునే దూతలు మన వెంటే ఉన్నారని విశ్వసించే వారం మనం. మైకు ముందు కూర్చున్నప్పుడు ఆ ఎరుక మరింత అవసరం.

మన నాలుకలను సత్యం మీద, మన సంపాదనను హలాల్ మీద, మన ప్రయత్నాలను నిలకడ మీద నిలిపే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.